కుర్చీ చేయడానికి ముందు మోకాలిని కొలవండి

శృంగవరపుకోట అనగానే మన ప్రాంతం వారికి మొదట గుర్తుకు వచ్చేది పనసపండు. వేసవి వచ్చిందంటే అరకు వెళ్ళే దారి పక్కన పనసకాయల రాశులు కనిపిస్తాయి. పండు గురించి మాట్లాడేవారు ఎందరో ఉన్నారు గాని, మాను గురించి మాట్లాడేవారు తక్కువ. ముదిరిన పనసమానులో మంచి చేవ ఉంటుంది. కోసిన కొత్తలో పసుపుపచ్చగా ఉండి, గాలీ వెలుతురూ తగిలే కొద్దీ తేనెరంగుకు, ఆపైన గోధుమరంగుకు తిరుగుతుంది. బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వారు తరతరాలుగా వీణలు మలుస్తున్నది ఈ చెక్కతోనే. ఒకే దుంగను తొలిచి చేసిన వీణను ఏకాండి వీణ అంటారు. ఆగ్నేయాసియాలో బౌద్ధ భిక్షువుల వస్త్రాలకు రంగు వేసే సంప్రదాయ పద్ధతులలో పనస చేవ ముక్కలను మరిగించిన నీరు ఒకటి. ఇటువంటి చెక్క పెరటిలో ఉండగా, పొట్టును జిగురుతో అదిమి చేసిన పలకల సోఫాలను వాయిదాల మీద కొని తెచ్చుకుంటున్నాం.

ఆరోగ్య విషయాలు వ్రాసే ఈ వైద్యునికి వడ్రంగంతో పనేమిటని మీరు అడగవచ్చు. వృత్తులవల్ల కలిగే వ్యాధుల గురించి 1700లో గ్రంథం వ్రాసిన ఇటలీ వైద్యుడు రామజ్జిని, రోగిని పరీక్షించేటప్పుడు అడగవలసిన ప్రశ్నలకు మరొకటి చేర్చమన్నాడు: నీవు చేసే పని ఏమిటి? ఆ ప్రశ్నను ఇప్పుడు విశ్రాంత జీవులను కూడా అడగవలసి వస్తోంది. ఉద్యోగ విరమణ చేసినవారు, ఇంటినుంచి కంప్యూటరు పనులు చేసుకునే యువకులు చాలామంది చెక్కపని నేర్చుకోవాలని ముచ్చటపడుతున్నారు. యూట్యూబు వీడియోలు చూస్తున్నారు. నన్ను అడిగే ప్రశ్నలు మాత్రం రెండే రకాలు. ఈ వయసులో చేయవచ్చా అన్నది ఒకటి, ఏ యంత్రం కొనమంటారు అన్నది రెండవది.

మొదటిదానికి నా జవాబు: నిశ్చింతగా చేయవచ్చు. రంపం లాగడం, చిత్రిక పట్టడం మితమైన శారీరక శ్రమ. భుజాలు, ముంజేతులు, నడుము, కాళ్ళు కలిసి పనిచేస్తాయి. కంటికీ చేతికీ పొందిక కుదురుతుంది. రెండు గంటలపాటు ఫోను గుర్తుకు రాదు, అది కూడా చిన్న లాభమేమీ కాదు. అయితే దీనివల్ల రక్తపోటు మందులు మానేయవచ్చుననో, రోజూ నడక అక్కరలేదనో ఎవరైనా చెబితే నమ్మవద్దు.

రెండవ ప్రశ్న దగ్గరే నాకు పేచీ ఉంది. ఏ యంత్రం కొనాలన్నది తరువాత తేల్చుకోవచ్చు. ముందుగా తేలవలసినది, చేయబోయే వస్తువు ఎవరి శరీరానికన్నది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. చెక్కపని నేర్చుకునేవారు మొదటి ఆరు నెలలు చేతి పనిముట్లతోనే పని చేయాలి. రెండు మూడు చిన్న పీటలతో చెయ్యి సాధు చేసుకున్నాక, మొదటి పెద్ద వస్తువుగా తమ ఇంట్లోని ఒక పెద్దవారి కొలతలకు ఒక కుర్చీ చేయాలి. సోఫాలు, టీవీ బల్లలు, అలమరాలు ఆ తరువాతే.

కుర్చీయే ఎందుకో చెబుతాను. మోకాళ్ళ నొప్పులతో వచ్చే వృద్ధులను మందుల గురించి, వ్యాయామం గురించి అడుగుతాము గాని, ఇంట్లో దేనిమీద కూర్చుంటారని అడగడం అరుదు. అడిగితే వచ్చే జవాబులు వైద్యునికి ఎంతో ఉపయోగపడతాయి. పిల్లలు ప్రేమతో కొనిచ్చిన సోఫా మెత్తగా, పల్లంగా, లోతుగా ఉంటుంది. అందులోకి దిగడం సులువే, లేవడమే కష్టం. మోకాళ్ళు తుంటి కంటె ఎత్తులో ఉంటాయి కనుక, లేచేటప్పుడు తొడ కండరాలు శరీరాన్ని చాలా దిగువనుంచి పైకి ఎత్తవలసి వస్తుంది. రెండు మూడుసార్లు ఊగి, పక్కవారి చెయ్యి పట్టుకుని లేస్తారు. పక్కన ఎవరూ లేనప్పుడు లేవడమే మానుకుంటారు. దాహం వేసినా ఓర్చుకుంటారు, మూత్రానికి వెళ్ళడం వాయిదా వేస్తారు. లేవక లేవక తొడ కండరాలు ఇంకా సన్నబడతాయి. చివరకు ఒకనాడు తొందరపడి లేవబోయి పడితే, ముదిమిలో తుంటి ఎముక విరగడం ఎంతటి ఉపద్రవమో ఆ బాధ చూసిన కుటుంబాలకు చెప్పనక్కరలేదు.

వృద్ధుల కాళ్ళ సత్తువను తెలుసుకోవడానికి వైద్యులు వాడే ఒక పరీక్ష చాలా సులువైనది. సుమారు 43 సెంటీమీటర్ల ఎత్తుగల కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు గుండెలపై కట్టుకుని, 30 సెకండ్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెడతారు. అక్కడ కొలిచేది కాళ్ళ బలమే అయినా, కుర్చీ ఎత్తును ముందే నిర్ణయించారంటే ఆ ఎత్తుకు ఎంత విలువ ఉన్నదో గమనించండి.

మార్కెట్లో దొరికే కుర్చీల ఆసనాలు సాధారణంగా 43 నుంచి 46 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి. పొట్టిగా ఉండే మన ఆడవారిలో చాలామందికి ఆ ఎత్తులో పాదాలు నేలకు పూర్తిగా ఆనవు. కుర్చీ అంచు తొడల వెనుక భాగాన్ని నొక్కుతుంది. కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, సాయంత్రానికి పాదాలు పొంగుతాయి. అదే కుర్చీ ఆరడుగుల మనిషికి పల్లమవుతుంది. అందరికీ సరిపోయే కుర్చీ అంటూ లేదు. కర్మాగారం ఒకే కొలతకు వేలకొద్దీ కుర్చీలు చేయక తప్పదు. మీకు ఆ నిర్బంధం లేదు, ఒక్కరి కోసం చేయగలరు. ఇంటి వడ్రంగానికి నేను ఇచ్చే మొదటి విలువ ఇదే.

కొలత తీసుకునే విధానం వివరిస్తాను. మీ అమ్మగారినో, తాతగారినో ఒక గట్టి బల్లమీద కూర్చోబెట్టండి. మోకాళ్ళు సమకోణంలో వంగి, పాదాలు నేలమీద చదునుగా ఆనాలి. అవసరమైతే పాదాల కింద పుస్తకాలు పెట్టండి. ఇంట్లో చెప్పులు వేసుకునే అలవాటుంటే చెప్పులతోనే కొలవండి. మోకాలి వెనుక గుంట నుంచి పాదం ఆనినచోటి దాకా ఉన్న ఎత్తు ఆసనానికి ఆధారం. తొడలు బలహీనపడినవారికి, మోకాళ్ళు అరిగినవారికి దానికి 3 నుంచి 5 సెంటీమీటర్లు కలపండి, లేవడం తేలికవుతుంది. పాదాలు మాత్రం నేలను వదలకూడదు. పిరుదుల వెనుక నుంచి మోకాలి గుంట దాకా ఉన్న పొడవులో సుమారు 5 సెంటీమీటర్లు తగ్గిస్తే ఆసనం లోతు వస్తుంది. అంతకు మించితే వీపు వెనుకకు ఆనదు, మనిషి జారిపడి కూర్చుంటాడు. మోచేయి మడిచి ఉంచినప్పుడు ఆసనం నుంచి మోచేతి దాకా ఉన్న ఎత్తు చేతిపట్టీలకు కొలత.

రెండు సంగతులు వీడియోలలో నాకు ఎక్కడా కనిపించలేదు కనుక నొక్కి చెబుతాను. లేవబోయే మనిషి ఏం చేస్తాడో గమనించండి. పాదాలను వెనుకకు లాక్కుని, మొండేన్ని ముందుకు వంచి, అప్పుడు లేస్తాడు. పాదాలను వెనుకకు లాగడానికి ఆసనం కింద చోటు ఉండాలి. ముందరి కాళ్ళ మధ్య కింది భాగంలో అడ్డపట్టీ బిగించినా, కింద సొరుగు పెట్టినా ఆ చోటు పోతుంది. గట్టిదనం కోసం అడ్డపట్టీ కావాలంటే దానిని వెనుక కాళ్ళ వైపుకు జరపండి. ఇక రెండవది చేతిపట్టీ. వృద్ధులు లేచేటప్పుడు దాని ముందు కొసను పట్టుకుని నొక్కుతారు. కనుక అది ఆసనం అంచు దాకా రావాలి, ముందరి కాళ్ళను దాటి మాత్రం పోకూడదు. దాటితే ఆ బరువుకు కుర్చీ ముందుకు ఒరుగుతుంది.

ఇది నా సొంత చాదస్తమని అనుకోకండి. డెన్మార్కులో కారె క్లింట్ అనే రూపశిల్పి 1920లలో తన విద్యార్థులకు పాఠం చెప్పింది ఇలాగే. మనిషి కొలతలు, ఇంట్లో వాడే వస్తువుల కొలతలు తీసుకున్న తరువాతనే బీరువా గీయాలి, కుర్చీ గీయాలి. స్వీడన్‌లో బెంగ్ట్ ఓకర్‌బ్లూమ్ అనే వైద్యుడు మనిషి నిలబడే, కూర్చునే భంగిమల మీద 1948లో సిద్ధాంత గ్రంథం ప్రచురించి, నడుముకు ఆనిక దొరికే కుర్చీల రూపకల్పనకు దారి వేశాడు. మన దేశానికి వచ్చిన చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1958లో భారత ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో అన్నిటికంటె మెచ్చుకున్నది మన చెంబును. చేతికి ఎలా ఇమడాలి, నడుమున ఎలా నిలవాలి, నిండుగా ఉన్నప్పుడూ ఖాళీగా ఉన్నప్పుడూ తూకం ఎలా ఉండాలి అంటూ చెంబు చుట్టూ ఎన్నో ప్రశ్నలు వేశారు. అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థ పుట్టుకకు ఆ నివేదికే బీజం. మన రాష్ట్రంలోనూ 2015 నుంచి అటువంటి జాతీయ సంస్థ ఒకటి నడుస్తోంది. కుర్చీ చేయడానికి అక్కడ సీటు సంపాదించనక్కరలేదు గాని, ఆ ప్రశ్నలు వేసుకోవడం మాత్రం అవసరం.

ఇప్పుడు చేతి పనిముట్ల సంగతి. స్వీడన్‌లోని నేస్ అనే చోట 1870లలో ఓటో సాలొమన్ అనే ఉపాధ్యాయుడు చెక్కపని నేర్పే పాఠశాల నడిపాడు. వివిధ దేశాల ఉపాధ్యాయులు అక్కడికి వెళ్ళి నేర్చుకున్నారు. మొదటి పాఠం చాకుతో. చిన్న వస్తువు నుంచి పెద్ద వస్తువుకు, సులువు నుంచి కష్టానికి మెట్లు మెట్లుగా సాగేది. ప్రతి వస్తువూ ఇంట్లో పనికివచ్చేదే. పనిచేసేటప్పుడు నిలబడే భంగిమను కూడా పాఠంగానే నేర్పేవారు. ఆ క్రమంలోని మంచి వైద్యునికి వెంటనే అర్థమవుతుంది. చేతి రంపం తప్పు చేస్తే గీత వంకర పోతుంది, వేలు గీసుకుంటుంది. యంత్రం తప్పు చేస్తే వేలే పోతుంది.

మన ఊళ్ళలో మామూలైపోయిన ఒక పద్ధతి గురించి ఇక్కడే చెప్పాలి. పాలరాళ్ళు కోసే చేతి కట్టరుకు చెక్క కోసే పళ్ళ చక్రం బిగించి, దానిని బల్లకింద తలకిందులుగా అమర్చి, పైకి వచ్చిన చక్రం మీదుగా చెక్కను తోస్తారు. మీద మూత ఉండదు. చెక్క బిగుసుకుని వెనుకకు తన్నకుండా ఆపే రేకు ఉండదు. స్విచ్చు చేతికి అందదు. అనుభవమున్న వడ్రంగులే దీనితో వేళ్ళు పోగొట్టుకున్నారు. వీడియో చూసి ఆదివారం పూట ఈ అమరికతో పని మొదలుపెట్టే ఇంజనీరు కుర్రవాడిని తలచుకుంటే నాకు దిగులు. యాంగిల్ గ్రైండరుకు చెక్క కోసే చక్రం బిగించడం దీనికంటె కూడా చెడ్డది. ఈ రెండూ మీ ఇంట్లో ఉండకూడదు. ఈ విషయంలో మధ్యేమార్గం సూచించలేను.

వేళ్ళ ప్రమాదం కంటికి కనబడుతుంది గాని, దుమ్ము ప్రమాదం అలా కనబడదు. ఇంగ్లండులో లండనుకు వాయవ్యంగా హై వికం అనే పట్టణం ఉంది. బీచ్ కర్రతో కుర్చీలు చేయడంలో పేరుపడిన ఊరు. 1960లలో అక్కడి చెవి, ముక్కు, గొంతు వైద్యురాలు ఎస్మే హాడ్‌ఫీల్డ్, ఆమెతో పనిచేసిన వైద్యులు ఒక సంగతి గమనించారు. ముక్కు లోపలి గాలిగదులలో వచ్చే ఒక అరుదైన కాన్సరు ఆ ప్రాంతంలో ఫర్నిచరు పనివారికే మరీ ఎక్కువగా వస్తోంది. 1968లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆ పరిశోధన వెలువడింది. ఆ తరువాత మరెన్నో దేశాలలో అదే కనబడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 1995లో చెక్కదుమ్మును మనుషులలో కాన్సరు కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు పొగ ఉన్నదీ ఆ వర్గంలోనే.

భయపడి ఉలిని అటకెక్కించనక్కరలేదు. ఆ కాన్సరు దశాబ్దాలపాటు దుమ్ములో పనిచేసినవారిలో, అందునా కొద్దిమందికే వస్తుంది. ఆదివారాలు మాత్రమే పనిచేసే మీకు ఎక్కువగా ఎదురయ్యేవి తుమ్ములు, ముక్కు దిబ్బడ, ఉబ్బసం, చర్మంపై దద్దుర్లు. టేకు, ఇరుగుడు వంటి కర్రల దుమ్ము కొందరి చర్మానికి అసలు పడదు. పని చేసిన రాత్రి దగ్గు, పిల్లికూతలు వచ్చి, నాలుగు రోజులు పని మానితే తగ్గుతున్నాయంటే అది దుమ్ము వల్లనే కావచ్చు. వైద్యుని దగ్గరకు వెళ్ళినప్పుడు ఏ కర్రతో పని చేశారో కూడా చెప్పండి.

చిత్రిక పట్టినప్పుడు ఉంగరాలు తిరిగిన పొట్టు రాలి కాళ్ళ దగ్గర పడుతుంది. దానిని ఊడ్చి పొయ్యిలో వేసుకోవచ్చు. విద్యుత్తుతో తిరిగే ఉప్పుకాగితపు యంత్రం పట్టినప్పుడు లేచే సన్నని దుమ్ము గంటల తరబడి గాలిలో తేలుతుంది, మీతోపాటు పక్కగదిలో చదువుకుంటున్న పిల్లవాడూ పీలుస్తాడు. పదునైన చిత్రికతో నునుపు చేసిన పలకకు ఉప్పుకాగితం అవసరం చాలా తక్కువ. చేతి పనిముట్ల పక్షాన నేను వాదించడానికి ఇది పెద్ద కారణం. చెవుల విషయమూ ఇంతే. విద్యుత్ రంపపు మోత 100 డెసిబెల్స్ దాకా ఉంటుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ మోతను రోజుకు 8 గంటలు భరించవచ్చు, మోత 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ వ్యవధి సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ వద్ద పావుగంటే. చేతి రంపం కింద పనిచేస్తూ మీరు రేడియో వినవచ్చు.

ఉప్పుకాగితం పట్టక తప్పనప్పుడు ఆరుబయట, గాలి మీ వీపు పక్కనుంచి వీచేటట్లు నిలబడి చేయండి. ముఖానికి కట్టుకునే తువ్వాలు సన్నని దుమ్మును ఆపదు. ఎన్95 ముసుగు ఆపుతుంది, అదీ అంచులు ముఖానికి అతుక్కుంటేనే. గుబురు గడ్డం మీద అది నిలవదు. పని అయ్యాక పొడి చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి. బట్టలపై దుమ్మును గాలి యంత్రంతో ఊదుకోవద్దు. థిన్నరు ఆవిరిని గాని, ప్లైవుడ్, ఎం.డి.ఎఫ్. పలకల జిగురు నుంచి వెలువడే ఫార్మాల్డిహైడ్‌ను గాని ఈ ముసుగు ఆపలేదు. ఫార్మాల్డిహైడ్ కూడా కాన్సరు కారకాల మొదటి వర్గంలోనిదే. అందుకే మొదటి కుర్చీకి అసలు కర్రనే ఎంచుకోండి.

ఆ కర్ర ఎక్కడ దొరుకుతుంది? మన దగ్గర పాత పెంకుటిళ్ళు కూలుతున్నాయి. వాటి దూలాలు, ద్వారబంధాలు, తలుపులు అమ్మకానికి వస్తున్నాయి. దశాబ్దాలుగా ఎండిన కర్ర కనుక ఇక వంకరపోదు; కొత్తగా నేర్చుకునేవారికి ఇంతకంటె మంచి సరుకు దొరకదు. అయితే పాత తలుపుల రంగులో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇళ్ళకు వేసే రంగులలో సీసం పదిలక్షలకు 90 వంతులు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలులోకి వచ్చింది. అంతకు ముందటి రంగును ఉప్పుకాగితంతో రుద్దితే లేచే దుమ్ము పసిపిల్లల మెదడుకు హాని చేస్తుంది. అటువంటి పలకను రుద్దవద్దు, కాల్చవద్దు. రంగును తడిపి గీకి, గీకినదంతా సంచిలో మూటకట్టి పారవేయండి. పిల్లలూ గర్భిణులూ దగ్గర ఉండకూడదు. చాతకాకపోతే రంగు వేయని దూలమే కొనుక్కోండి. ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మలకు లక్కలో మొక్కల రంగులు కలిపి వాడే పద్ధతిని సి.వి.రాజుగారు పునరుద్ధరించి, 2023లో పద్మశ్రీ అందుకున్నారు. పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మకు అంత శ్రద్ధ అవసరమైతే, వారు పాకే గదిలో రాలే రంగుకు ఎంత శ్రద్ధ అవసరమో ఆలోచించండి.

పెరటి పనస కొట్టించాలంటే ఓపిక కావాలి. పలకలుగా కోయించి, నీడలో, మధ్య మధ్య సన్నని కర్రలు పెట్టి పేర్చి, అంగుళం మందానికి ఏడాది చొప్పున ఆరనివ్వడం పాత లెక్క. పచ్చి కర్రతో చేసిన కుర్చీకి అతుకులు వదులవుతాయి. వదులైన కుర్చీలో వృద్ధులను కూర్చోబెట్టడం కంటె నేలమీద చాప వేయడం మేలు.

నేర్చుకోవడం ఎవరి దగ్గర? వీడియోలు చూడవద్దని నేను అనను. కాని చెక్కలో నార ఏ దిశగా పోతోందో, ఉలి ఏ వాలున పట్టాలో, కుసి బెజ్జంలో ఎంత బిగువుగా దిగాలో పక్కన నిలబడి చూపించే మనిషి కావాలి. కుర్చీకి అన్నిటికంటె ఎక్కువ బలం పడేది వెనుక కాలికీ పక్కపట్టీకీ మధ్యనున్న అతుకు మీద. అక్కడ మేకు కొట్టి సరిపెట్టారా, కుసి దించారా అన్నది పదేళ్ళ తరువాత బయటపడుతుంది. మీ ఊరి వడ్రంగి దగ్గరకు వెళ్ళండి. ఐటీఐలలో వడ్రంగం నేర్చుకున్న యువకులు కూడా ఉన్నారు. ఇది మా కులానికి చెందిన పని కాదనే గోడ ఇంకా ఉన్నది. చదువుకున్నవారిలోనే అది ఎక్కువ ఎత్తుగా ఉన్నదని నా అనుమానం. మీ పిల్లవాడి గిటారు పాఠాలకు ఎంత ఇస్తున్నారో అంతకు తగ్గకుండా ఆ వడ్రంగికి గురుదక్షిణ ఇవ్వండి. పోయేటప్పుడు ఒక ఎన్95 ముసుగుల డబ్బా కూడా పట్టుకుపోండి. అతడు ముప్ఫై ఏళ్ళుగా ఆ దుమ్ములోనే ఉన్నాడు. ముక్కు ఒక పక్కనే నెలల తరబడి దిబ్బడగా ఉన్నా, ఒక పక్కనుంచే రక్తం వస్తున్నా వెంటనే చూపించుకోమని చెప్పండి.

అరవై దాటినవారికి కొన్ని జాగ్రత్తలు. మధుమేహం ఉంటే పాదాలకు స్పర్శ తగ్గి ఉండవచ్చు, రబ్బరు చెప్పులతో మేకుల మధ్య తిరగవద్దు, ముందు మూసిన బూట్లు వేసుకోండి. గుండె జబ్బుకు రక్తం పలచబడే మందులు వాడుతున్నవారికి చిన్న గాటు కూడా చాలాసేపు కారుతుంది. జలుబుకు మగత కలిగించే మాత్ర వేసుకున్న రోజు ఉలి ముట్టవద్దు. ధనుర్వాతం టీకా పదేళ్ళకొకసారి వేయించుకోవాలి, మురికి మేకు గుచ్చుకుంటే చివరి టీకా వేసుకుని ఐదేళ్ళు దాటిందేమో చూసుకోవాలి. మన వడ్రంగులు నేలమీద కూర్చుని, కాలివేళ్ళతో చెక్కను అదిమిపట్టి పని చేయగలరు. మీరు ఆ సాహసం చేయక, మణికట్టు ఎత్తున ఉండే బల్ల దగ్గర నిలబడి, చెక్కను బల్లకు బిగించి, రెండు చేతులూ ఉలి పదునుకు వెనుకనే ఉండేటట్లు పని చేయండి. అవిసె నూనె పూసిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడవేయవద్దు, అవి తమంతట తామే వేడెక్కి అంటుకుంటాయి. తడిపి, విడివిడిగా ఆరుబయట ఆరవేయండి.

ఒకవేళ వేలు తెగిపడితే గాయంమీద శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చేతిని ఎత్తి పట్టుకోండి. తెగిన ముక్కను తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని ఐసు కలిపిన నీటిలో ఉంచండి. ముక్కకు ఐసు నేరుగా తగలకూడదు, నీటిలో నానకూడదు. పసుపు, కాఫీపొడి వంటివి అద్దవద్దు. 108కు ఫోను చేసి, చేతి శస్త్రచికిత్స జరిగే ఆసుపత్రికి బయలుదేరండి. శృంగవరపుకోట నుంచి విశాఖపట్నం సుమారు 50 కిలోమీటర్లే, సమయం ఉంటుంది.

మీ కుర్చీ తయారైనప్పుడు కాళ్ళను లెక్కకంటె రెండు సెంటీమీటర్లు పొడవుగానే ఉంచండి. ఎవరి కోసం చేశారో వారిని కూర్చోబెట్టి, ఐదుసార్లు లేచి కూర్చోమనండి. ఎదురుగా కాక పక్కన నిలబడి చూడండి. మడమలు నేలకు ఆనుతున్నాయా, తొడల కింద మీ అరచెయ్యి సులువుగా దూరుతోందా, లేచేటప్పుడు పాదాలు వెనుకకు పోవడానికి ఏదైనా అడ్డు తగులుతోందా? ఎత్తు ఎక్కువైతే నాలుగు కాళ్ళనూ అర సెంటీమీటరు చొప్పున కోసి, మళ్ళీ కూర్చోబెట్టండి.